సగం పాటల డీవీడీ

"అది కాఫీ గ్లాసు పెట్టుకునే పళ్ళెం కాదండి" అన్నాను.

మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, మళ్ళీ అక్కడే పెట్టారు. టీవీ బల్ల మీద, అరచేతిలో పట్టేంత చిన్న డిస్కు మీద.

"ఏది?"

"మీ గ్లాసు కింద ఉన్నది. అత్తయ్యగారి పాటల డిస్కు."

"అంత అపురూపమైతే డబ్బాలో పెట్టుకోవాలి."

"డబ్బాలో మీరు మోటారు షెడ్డు తాళాలు పెట్టుకున్నారు."

"ఓహో. అయితే ఈ ఇంట్లో కాఫీ తాగాలన్నా పర్మిషన్ కావాలన్నమాట. ఆయ్, రేపట్నించి అర్జీ పెట్టుకుంటాం లెండి మేడంగారూ!"

మా అమ్మాయి సాయిదుర్గ జడ అల్లుకుంటూ కిసుక్కుమంది. నేను నవ్వలేదు. గ్లాసు తీసి పక్కన పెట్టి, డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడిచాను. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ చాలాసార్లు చెప్పాను. కాఫీ వలయం పోయింది గానీ నా ఒంట్లో మంట పోలేదు. వసారాలో మంచం మీంచి మా అత్తగారు మంగాయమ్మగారు ఇటే చూస్తున్నారు. ఆవిడకి మాట పడిపోయి ఏడాది దాటింది. కుడి చెయ్యి కూడా పడిపోయింది. ఔనంటే ఎడమ చేత్తో మంచంపట్టె మీద ఒకసారి తడతారు. కాదంటే ముఖం గోడవైపు తిప్పేసుకుంటారు. డిస్కు బాగానే ఉందని ఎత్తి చూపించాను. పట్టె మీద ఒకసారి తట్టారు.

ఆ డిస్కుల కథ చెప్పాలి.

మా మరిది విజయకుమార్ మస్కట్‌లో ఉంటాడు. రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు వీడియో కెమెరా తెచ్చాడు. దానికి క్యాసెట్టు ఉండదు, చిన్న డిస్కు వెయ్యాలి. ఒక్కో డిస్కులో అరగంటే పడుతుంది. ఆ సెలవులన్నీ కొబ్బరిచెట్లనీ కాలవనీ తీసి, విసుగు పుట్టి, కెమెరా ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. దాంతో వచ్చిన పుస్తకం ఎవరూ విప్పలేదు. నేను మొదట్నించి చివరిదాకా చదివాను. బీయస్సీ చదువు పెళ్ళయ్యాక నాకు పనికొచ్చిన సందర్భాలు తక్కువే. అది ఒకటి.

అప్పటికి అత్తయ్యగారు నిక్షేపంగా ఉండేవారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక సత్తెమ్మ వచ్చేది. అత్తయ్యగారు ఈ ఇంటికి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో బియ్యం ఇంట్లోనే దంచుకునేవారట. రోలుకి ఇటు అత్తయ్యగారు, అటు మా పాలేరు కూతురు సత్తెమ్మ. ఒకరి రోకలి లేచేసరికి ఇంకొకరి రోకలి పడాలి. పాట కూడా అంతే. సత్తెమ్మ అడుగుతుంది, అత్తయ్యగారు జవాబు చెబుతారు.

"కొత్త చీర కొంగున ఆ మూటేంటే వదినా?" అని సత్తెమ్మ.

"మీ అమ్మ పెట్టని అటుకులే, మా అమ్మ పంపిందే" అని అత్తయ్యగారు.

బియ్యం మరలొచ్చి రోలు మూలపడినా పాటలు పోలేదు. వసారాలో ఒకరికెదురుగా ఒకరు కూర్చుని చింతపండులో గింజలు తీస్తూనో, కొబ్బరీనెలు చీరుతూనో పాడుకునేవారు. నేను కెమెరాని ఎత్తు పీట మీద పెట్టి, ఇద్దరి ముఖాలూ పట్టేలా సర్ది, కదపకుండా తీశాను. మధ్యలో మాట్లాడుకోవడాలు, తిట్టుకోవడాలు, "అది కాదే సచ్చినదానా, దాని ముందు చరణం" అని అత్తయ్యగారు సత్తెమ్మ తొడ మీద చరవడాలు, అన్నీ అలాగే ఉంచాను. ఆరు డిస్కులయ్యాయి. ఏడోది వెయ్యబోయేలోగా ఆవిడకి పక్షవాతం వచ్చింది.

సత్తెమ్మ రావడం మానలేదు. మధ్యాహ్నం మంచంకోడుకి చేరబడి కింద కూర్చునేది. నేను టీవీలో డిస్కు పెట్టేదాన్ని. తెర మీద సత్తెమ్మ అడిగేది, కింద కూర్చున్న సత్తెమ్మ కూడా అడిగేది. తెర మీద అత్తయ్యగారు జవాబిచ్చేవారు. మంచం మీద ఆవిడ పెదాలు ఒక పక్కకే కదిలేవి. శబ్దం వచ్చేది కాదు. అయినా ఆ కాసేపే ఆవిడ ముఖంలో ఆవిడ కనబడేవారు.

చిక్కల్లా అరగంటకోసారి డిస్కు మార్చడమే. అత్తయ్యగారు లేవలేరు. సత్తెమ్మ ఆ మిషను ముట్టుకోదు. "షాకు కొడితే మా ఆయనకి వండిపెట్టేవోళ్ళు లేరు తల్లీ" అనేది. నేను పెరట్లో ఉంటే, మడత బట్టల్లో ఉంటే, తెర నీలంగా అయిపోయి ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చునేవారు. అందుకని ఆరింటినీ ఒకే డీవీడీగా చేయించాలనుకున్నాను.

అమలాపురం గడియార స్తంభం దగ్గర సందులో మంగరాజు అనే అతనికి వీడియో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకి మిక్సింగు చేస్తాడు. అంటే పెళ్ళిలో మాటలూ మంత్రాలూ అన్నీ తీసేసి వెనకాల సినిమా పాటలు పెడతాడు. పెళ్ళికూతురు గులాబీపువ్వులోంచి ఊడిపడుతుంది, పెళ్ళికొడుకు తాజ్‌మహల్ గుమ్మంలోంచి నడిచొస్తాడు. మా వైపు పెళ్ళి వీడియో అంటే అదే. ఏ పెళ్ళి చూసినా అప్పగింతల్లో తల్లి ఏడుస్తున్నట్టు కనబడుతుంది, వినబడేది మాత్రం హీరోయిన్. అందుకే నేనే వెళ్ళాను. ఎదురుగా కూర్చుని చెప్పాను.

"చూడండి మంగరాజుగారూ. ఇవి కలపడమే పని. మిక్సింగు వద్దు. పాటలు వద్దు, పువ్వులొద్దు. డిస్కులో ఫైలు ఎలా ఉందో అలాగే తీసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చాలి."

"ఆయ్, అలాగేనండి మేడం. కానీ అన్నీ ఒకదాంట్లో పట్టవండి. కొంచెం నొక్కాలి."

"నొక్కితే ముఖాలు గళ్ళుగళ్ళుగా వస్తాయి. వద్దు. రెండు పొరల డిస్కులుంటాయిగా, వాటిలో పడతాయి. దొరక్కపోతే రెండు మామూలు డీవీడీలు చెయ్యండి, మూడు చెయ్యండి. బస్తాల్లో బియ్యం తీసి గాదెలో పొయ్యమంటున్నాను. మళ్ళీ మరాడించమనడం లేదు. మళ్ళీ ఆడిస్తే నూకలే మిగుల్తాయి."

మంగరాజు నవ్వి, "బాగా చెప్పేరండి" అన్నాడు. డిస్కులు తీసుకున్నాడు. వారంలో ఇస్తానన్నాడు.

వారం తరవాత, కొబ్బరి లోడు పంపడానికి అమలాపురం వెళ్ళిన మా ఆయన సాయంత్రం డీవీడీ పట్టుకొచ్చారు. అట్ట మీద అత్తయ్యగారి పాత ఫోటో, చుట్టూ బంగారు రంగు తీగలు. 'అమ్మ పాట' అని పెద్ద అక్షరాలు. నేను అట్ట చెయ్యమనలేదు.

"బ్రహ్మాండంగా చేసేడు చూడు" అన్నారాయన. "తమ్ముడి గృహప్రవేశంలో హాల్లో పెద్ద టీవీలో ఇదే వేస్తాం."

విజయకుమార్ అమలాపురంలో ఇల్లు కట్టించాడు. ఆ నెలాఖర్లోనే గృహప్రవేశం.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్యగారికి దిళ్ళు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాను. సత్తెమ్మ చేతులు కడుక్కుని వచ్చి కోడుకి ఆనుకుంది. "ఇంక మార్చక్కర్లేదంటమ్మగారూ. సాయంత్రం దాకా మనదే" అంది. అత్తయ్యగారు పట్టె మీద తట్టారు.

డీవీడీ మొదలైంది. మొదట తామరపువ్వు విచ్చుకుంది. అందులోంచి అత్తయ్యగారు తిరుగుతూ వచ్చారు. కీబోర్డు మీద వీణ మోత. తరవాత ఆవిడ ముఖం ఒక్కటే తెర నిండా వచ్చింది. బుగ్గలు గళ్ళుగళ్ళుగా ఉన్నాయి.

"మీ అమ్మ పెట్టని అటుకులే, మా అమ్మ పంపిందే" అన్నారు తెర మీద అత్తయ్యగారు.

వెంటనే కీబోర్డు.

"మరదలి పిల్ల నోటికి తాళం వేసొచ్చానే."

మళ్ళీ కీబోర్డు.

కింద కూర్చున్న సత్తెమ్మ అలవాటుగా నోరు తెరిచింది. అడుగుదామంటే తెర మీద ఆ చోటే లేదు. ఒకసారి ప్రయత్నించింది, పాట దాటిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. తరవాత పమిట మూతికి అడ్డం పెట్టుకుంది.

తెరలో ఎక్కడా సత్తెమ్మ లేదు. ఫ్రేము అంచున ఒక చోట ఆమె మోచెయ్యి కనబడి మాయమైంది. అడిగే మనిషిని తీసేశారు. ఎవరూ అడగని ప్రశ్నలకి మా అత్తగారు ఒక్కరే పిచ్చిదానిలా జవాబులు చెప్పుకుపోతున్నారు.

"నేను లేనేంటమ్మా?" అంది సత్తెమ్మ నాతో. కోపంగా కాదు. దారిలో ఏదో పారేసుకున్నట్టు అడిగింది.

అత్తయ్యగారు ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు. నేను టీవీ ఆపేశాను.

"పోన్లెండి. పెద్దోళ్ళ ఇంట్లో యేసేదంట కదా" అని సత్తెమ్మ లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి అత్తయ్యగారు వీధి గుమ్మం వైపు చూసేవారు. తరవాత గోడవైపు తిరిగేవారు. గంజి పట్టిస్తే పెదాలు బిగించేసేవారు.

మా ఆయన్ని అడిగాను. అరవలేదు. అరిస్తే ఆయనకి తేలిక, అరుపు గురించే మాట్లాడతారు.

"సత్తెమ్మని ఎవరు తీయించారు?"

"తమ్ముడే ఫోన్లో చెప్పేడు. వాళ్ళ ఆఫీసు వాళ్ళూ, మస్కట్ తెలుగువాళ్ళూ వస్తారంట. మనింట్లో పనిచేసిన మనిషి, ఆ తిట్లూ, ఆ తొడ మీద కొట్టుకోడాలూ ఏం బావుంటాయి? అమ్మ పాట వినబడితే చాలదా?"

"అది ఇద్దరి పాట."

"అబ్బా, ఉమా! నువ్వు ప్రతీదానికీ భూతద్దం పెడతావు. చూసినవాళ్ళెవరికీ తెలీదు."

"అత్తయ్యగారికి తెలుసు. సత్తెమ్మకి తెలుసు. పాత డిస్కులేవి?"

ఆయన అల్మైరాలోంచి కవరు తెచ్చిచ్చారు. సాయిదుర్గ ఒకటి పెట్టి చూసింది. తెర నీలంగా ఉండిపోయింది. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే.

"అమ్మా, వీటిల్లో ఏం లేదే."

"చెరిపించేను" అన్నారాయన, కొంచెం తగ్గి. "అవి మళ్ళీ వాడుకోవచ్చంట. ఇక్కడ కొత్తవి దొరకట్లేదు కదా. గృహప్రవేశం తియ్యడానికి ఉంటాయని తమ్ముడు అన్నాడు."

నేను కవరు అందుకున్నాను. నెలల తరబడి మధ్యాహ్నాలన్నీ కూడబెట్టి దాచిన గొంతు. మళ్ళీ తియ్యడానికి ఆవిడ దగ్గర ఇంక గొంతే లేదు. దాన్ని తుడిచేసి, ఆ చోట కొత్త ఇంటి గుమ్మాలూ గ్రానైటూ తీస్తారట. ఆ సాయంత్రమంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. వస్తే ఏ గిన్నె ఎవరి మీద పడేదో నాకే తెలీదు.

పొద్దున్నే వంట చేసి, మూతలు పెట్టి, అత్తయ్యగారిని సాయిదుర్గకి అప్పజెప్పి, బస్సెక్కాను. మంగరాజు షట్టరు ఎత్తుతున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు.

"సార్‌గారికి నచ్చిందాండి?"

"డిస్కులు మీకిచ్చింది ఎవరు?"

"మీరేనండి."

"ఏం చెప్పేను?"

"మీరు చెప్పేరండి, కానీ తరవాత సార్‌గారు వచ్చి చెప్పేరు కదండి. ఇంటాయన చెప్పేక..."

"ఇంటాయన రోలు దగ్గర నిలబడి పాడేడా? కెమెరా పట్టుకున్నాడా? అడిగేదాన్ని కోసేసి జవాబులు ఉంచేరు. ఒక్క పాట మొత్తం విన్నారా మీరు, కత్తిరించేముందు?"

మంగరాజు తల గోక్కున్నాడు. "వింటే పనవ్వదండి మేడం. మేం బొమ్మ చూసుకుంటాం. సౌండు ఎలాగూ తీసేస్తాం కదండీ, అలవాటు."

ఆ మాటకి నిజంగా చెయ్యి లేచింది. దించుకున్నాను.

"కలిపేముందు డిస్కుల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించుకుంటారు కదా. అవి ఉన్నాయా?"

"ఉండాలండి. కపిలేశ్వరపురం పెళ్ళి లోడు ఇవాళ ఎక్కించాలి, చోటు లేదని తీసేద్దామనే షట్టరు తీసేను."

"తియ్యకండి. ముందు చూపించండి."

ఉన్నాయి. ఆరూ ఉన్నాయి. ఒక్కోటీ తెరిపించాను. మొదటిదాంట్లో సత్తెమ్మ "రికార్డవుతుందా కోడలమ్మా, నా జుట్టు చూసుకోలేదు" అంటోంది. వెనకాల అత్తయ్యగారు "నీ జుట్టు చూడ్డానికి ఎవడొస్తాడే" అంటున్నారు. ఆ గొంతు విని నేను గోడవైపు తిరగాల్సి వచ్చింది.

తరవాత స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చున్నాను. రెండు పొరల డిస్కు ఒకటి రాజమండ్రి నుంచి ఎవరికోసమో తెప్పించి ఉంచాడు. అదే తీయించాను. అతను అలవాటుగా ఏదో నొక్కబోతే, "అదేంటి?" అన్నాను. "సైజు తగ్గించేదండి." "వద్దు." "మొదట్లో చిన్న పువ్వండి, ఒక్కటే." "వద్దు." ఫైళ్ళని ఫైళ్ళుగానే వరసలో పేర్చి, డిస్కులోకి ఎక్కించాడు. అయ్యాక అక్కడే మొదలూ, చివరా, మధ్యలో అక్కడక్కడా వేయించి చూశాను. రెండో కాపీ మర్నాటికి మరో డిస్కు తెప్పించి చెయ్యమన్నాను. అప్పటిదాకా కంప్యూటర్లోవి ముట్టుకోవద్దన్నాను. కపిలేశ్వరపురం పెళ్ళికూతురు ఒక రోజు ఆగితే ఏమీ కాదు. ఎలాగూ ఆ అమ్మాయి ఏడుపు ఎవరూ వినరు.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, సాయిదుర్గని సత్తెమ్మ కోసం పంపాను. వచ్చింది గానీ మెట్టు దగ్గరే ఆగిపోయింది. నేను డీవీడీ పెట్టాను.

"కొత్త చీర కొంగున ఆ మూటేంటే వదినా?" అని తెర మీద సత్తెమ్మ అడిగింది.

అత్తయ్యగారి తల చటుక్కున గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. పట్టె మీద ఒకసారి తట్టారు. మళ్ళీ తట్టారు. మెట్టు మీద ఉన్న సత్తెమ్మని చూసి ఇంకా తట్టారు.

"రా సత్తెమ్మా, లోపలికి రా" అన్నాను.

"వద్దులెండి కోడలమ్మా" అంది. "అమ్మగోరు ఇన్నారు, అది చాలు. బాబుగార్లకి ఇష్టం లేని కాడ నేనెందుకు కూకోవడం? నన్ను తీసేసేక మళ్ళీ నేనే వొచ్చి ఇరుక్కున్నట్టుంటాది."

ఒక పాట అయ్యేదాకా మెట్టు మీదే నిలబడి, వెళ్ళిపోయింది. అంతవరకూ నా కోపం మంగరాజు మీదా, డిస్కు మీదా, కీబోర్డు మీదా కూడా పంచబడి ఉంది. ఆ మెట్టు దగ్గర్నుంచి అది ఒక్కచోటికి చేరింది.

గృహప్రవేశం ఇంక నాలుగు రోజులుందనగా విజయకుమార్ దిగాడు. రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నారు. పనసపొట్టు కూర చేశాను. అన్నదమ్ములిద్దరికీ ఇష్టం. అత్తయ్యగారిని కుర్చీలో బల్ల దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టాను. ఎడమ చేత్తో చెంచా పట్టుకున్నారు.

"వదినా, కూర అదిరింది. మస్కట్‌లో ఇలాంటిది కలలో కూడా దొరకదు" అన్నాడు విజయకుమార్. "అమ్మ డీవీడీ చూసేను. టైటిల్సు భలే ఉన్నాయి. హాల్లో టీవీ ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాం, కదన్నయ్యా?"

"ఆయ్. ఎంట్రన్సుకి ఎదురుగా" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

"పెట్టండి" అన్నాను. "కానీ అందులో వేసేది అది కాదు."

విజయకుమార్ ముద్ద కలుపుతూ తలెత్తాడు.

"మీరు చెరిపించినవి నేను తెచ్చేను. ఆరు డిస్కులూ, ఉన్నవి ఉన్నట్టు. అందులో సత్తెమ్మ ఉంది. తిట్లున్నాయి. అత్తయ్యగారు ఆవిణ్ణి చరిచినవీ ఉన్నాయి. హాల్లో వేసేది అదే."

"వదినా, నలుగురూ వచ్చే చోట..." అని మొదలెట్టాడు విజయకుమార్.

"నలుగురూ వస్తారనే. మీ అమ్మగారు ఎవరికి జవాబు చెబుతున్నారో వచ్చినవాళ్ళకి తెలియాలి. లేకపోతే ఆవిడ మతి పోయి ఒక్కరే మాట్లాడుకుంటున్నారనుకుంటారు. మీరు చేయించింది అలాగే ఉంది, చూసేరా?"

మా ఆయన గ్లాసు ఎత్తి, మళ్ళీ దించారు. ఈసారి బల్ల మీద వట్టి చోటు చూసి దించారు.

"రేపు పొద్దున్న నేను సత్తెమ్మని బొట్టు పెట్టి పిలవడానికి వెళ్తున్నాను. మీరిద్దరూ నాతో వస్తున్నారు. తీయించింది మీరు కాబట్టి రమ్మనాల్సిందీ మీరే. హాల్లో అత్తయ్యగారి కుర్చీ పక్కన ఆవిడ కుర్చీ ఉంటుంది. ఆవిడ రానంటే అత్తయ్యగారూ, నేనూ ఈ ఇంట్లోనే ఉంటాం. గృహప్రవేశం మీరు చేసుకోండి."

"అమ్మని అడక్కుండా నువ్వే చెప్పేస్తే ఎలాగ?" అన్నారు మా ఆయన.

అత్తయ్యగారు చెంచా వదిలేశారు. ఎడమ చెయ్యి ఎత్తి, పెద్ద కొడుకు వైపు చూస్తూ, బల్ల మీద ఒక్కసారి గట్టిగా కొట్టారు. మజ్జిగ గ్లాసు ఒలికింది.

నేను గుడ్డ తెచ్చి తుడుస్తూ, "ఏడింటికల్లా తయారుగా ఉండండి" అన్నాను.